టైమ్‌బాక్స్ అంటే డెడ్‌లైన్‌కి ఇంకో పేరా?

శుక్రవారం సాయంత్రం నాలుగైంది. ఓ సాఫ్ట్‌వేర్ టీమ్ పెట్టుకున్న రెండు వారాల స్ప్రింట్‌కి, అంటే పని విడతకి, అదే ఆఖరి రోజు. బోర్డు మీద ఒక్కో పనికి ఒక్కోటి చొప్పున ఉన్న 11 కార్డుల్లో ఏడు పూర్తయ్యాయి, రెండు టెస్టింగ్‌లో ఉన్నాయి, రెండింటికి కోడింగే అవలేదు. "స్ప్రింట్‌ని మంగళవారం దాకా పొడిగిద్దాం, రెండ్రోజులే కదా" అంటారొకరు. "చేస్తామని ఒప్పుకున్నాం, శని ఆదివారాలు కూర్చునైనా పూర్తి చేయాల్సిందే" అంటారు ఇంకొకరు. మూడో మనిషి మాత్రం "టైమ్ అయిపోయింది, ఆ నాలుగూ వెనక్కి పంపేసి సోమవారం కొత్తగా మొదలుపెడదాం" అంటారు. ముగ్గురినీ విడివిడిగా అడిగి చూడండి, తాము పనిచేసేది టైమ్‌బాక్స్ పద్ధతిలోనే అని చెబుతారు.

నియమం ప్రకారం మూడో మాటే సరైనది. అయినా చాలా టీముల్లో నెగ్గేది మొదటిదో రెండోదో. టైమ్‌బాక్స్ అనే మాట నోటికి అలవాటైనంత తేలిగ్గా దాని వెనకున్న బేరం తలకెక్కకపోవడమే దీనికి కారణమని నాకనిపిస్తుంది.

ప్రశ్న ఎటు తిరిగింది?

అంచనా, గడువు, టైమ్‌బాక్స్ అనే మూడు మాటల్ని ఆఫీసుల్లో కలగాపులగం చేసి వాడేస్తుంటాం. ఒకే పనిని మూడింటిలోనూ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక వెబ్‌సైట్‌లో సెర్చ్ పేజీ తయారు చేయాలి అనుకుందాం.

"సెర్చ్ పేజీకి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగితే "12 రోజులు" అనేది అంచనా. పని ముందే తేలింది, రోజులు జవాబుగా వచ్చాయి. "సెర్చ్ పేజీ మొత్తం 20వ తేదీకల్లా కావాలి" అంటే అది గడువు, అంటే డెడ్‌లైన్. ఇందులో పనీ కదలదు, తేదీ కూడా కదలదు. "సెర్చ్ పేజీకి 8 రోజులు ఇస్తాం, ఈ 8 రోజుల్లో వాడుకోదగ్గ సెర్చ్ ఏ మేరకు ఇవ్వగలరు?" అంటే టైమ్‌బాక్స్. ఇక్కడ రోజులు కదలవు, పని పరిమాణం జవాబుగా వస్తుంది. పేరుతో వెతకడం ముందు, ఫిల్టర్లు తర్వాత, ఏది పైన కనిపించాలన్న వరస ఆ తర్వాత అని టీమ్ క్రమం పెట్టుకుంటుంది. ఎనిమిదో రోజు సాయంత్రానికి ఎంతవరకు వస్తే అంతవరకే, కానీ ఆ వచ్చినంత మేరా పనిచేయాలి.

దీనికి దగ్గరి పోలిక పరీక్ష హాలు. మూడు గంటలవగానే గంట మోగుతుంది, పేపర్లు లాగేసుకుంటారు. అందుకే తెలివైన విద్యార్థి ముందు ప్రశ్నపత్రం మొత్తం చదివి, ఎక్కువ మార్కులొచ్చే ప్రశ్నతో మొదలుపెడతాడు. అయితే ఈ పోలిక ఒక్కచోట తేలిపోతుంది. పరీక్షలో సగం రాసిన జవాబుకి సగం మార్కులైనా పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో సగం అయిన ఫీచర్‌కి సున్నా. ఈ తేడాని పట్టించుకోకపోవడం వల్లే సగం తంటాలు వస్తాయి, వాటి సంగతి కాసేపట్లో.

కొంచెం వెనక్కి వెళ్తే

ఈ పద్ధతి అజైల్‌తో, అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతల్లో తయారు చేసే ధోరణితో, పుట్టింది కాదు. 1960ల మొదట్లో అమెరికా మెర్క్యురీ అంతరిక్ష ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పూటకో విడత చొప్పున పని ముగించేవారు. 1991లో జేమ్స్ మార్టిన్ రాపిడ్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ పేరుతో టైమ్‌బాక్స్‌ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 1994లో బ్రిటన్‌లో మొదలైన డీఎస్‌డీఎం అనే పద్ధతి దీన్ని తన వెన్నెముక చేసుకుంది. కెన్ స్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో లోకానికి పరిచయం చేసిన స్క్రమ్ అనే అజైల్ పద్ధతిలో స్ప్రింట్ కూడా టైమ్‌బాక్సే. 2001 ఫిబ్రవరిలో 17 మంది కలిసి అజైల్ మ్యానిఫెస్టో రాసేనాటికే వాళ్లలో చాలామందికి ఇది అలవాటైన పని.

ఎందుకు పనిచేస్తుందని అడిగితే అందరూ చెప్పేది పార్కిన్సన్ మాట. బ్రిటిష్ రచయిత నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ది ఎకానమిస్ట్ పత్రికలో రాసిన వ్యంగ్య వ్యాసంలో, ఎంత సమయం ఇస్తే పని అంత సమయమూ సాగుతుందన్నాడు. ఆయన ఎగతాళి చేసింది సర్కారు కార్యాలయాల్ని. సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్నే శాసనంలా పట్టుకున్నారు. నా వరకు ఈ కారణం అంత గట్టిది కాదు. పని సాగదీసేవాళ్లకి ముకుతాడు వేయడానికే టైమ్‌బాక్స్ పుట్టిందని అనుకుంటే, మేనేజర్ చేతిలో అది కర్రలా మారడానికి ఎంతోసేపు పట్టదు. అసలు లాభం వేరే ఉంది. తప్పుదారిలో వెళ్తున్న పని ఎంత దూరం వెళ్లగలదో ముందే హద్దు గీసినట్టవుతుంది. రెండు వారాల బాక్స్‌లో మహా అయితే రెండు వారాలు వృథా అవుతాయి.

స్క్రమ్‌లో ఏ పనికి ఎంత

స్క్రమ్ నియమాలు రాసి ఉన్న స్క్రమ్ గైడ్ 2020 నాటి కూర్పు ప్రకారం స్ప్రింట్ నెలకు మించకూడదు. నెల రోజుల స్ప్రింట్‌కి ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు, రివ్యూ (అయిన పని చూపించే మీటింగ్) 4 గంటలు, రెట్రో (పనిచేసిన తీరుని చర్చించుకునే మీటింగ్) 3 గంటలు. స్ప్రింట్ చిన్నదైతే ఇవీ తగ్గుతాయి, రెండు వారాలదైతే సగానికి సగం చేసుకోవడం మామూలు. స్ప్రింట్ ఎంత పొడవున్నా టీమ్ రోజూ కలిసే చిన్న మీటింగ్, అంటే స్టాండప్ మాత్రం 15 నిమిషాలే. ఇవన్నీ పై హద్దులు. ప్లానింగ్ గంటన్నరలో తెమిలిపోతే మిగతా సమయం కూర్చుని తీరాలనేమీ లేదు.

స్టాండప్ 15 నిమిషాలు దాటితే ఏం కొంప మునిగిందని చాలామంది అనుకుంటారు. ఎనిమిది మంది టీమ్‌లో అది రోజూ 45 నిమిషాలు సాగుతోందనుకోండి. మనిషికి అదనంగా అరగంట, ఎనిమిది మందికి 4 గంటలు, పది రోజుల స్ప్రింట్‌కి 40 గంటలు. అంటే ఒక మనిషి వారం జీతపు పని. సాధారణంగా ఆ అదనపు అరగంటలో మాట్లాడేది ఇద్దరే, మిగతా ఆరుగురూ కెమెరా ఆపేసి మెయిల్స్ చూసుకుంటుంటారు.

50 రోజులు 33 ఎలా అవుతాయి?

టీమ్‌లో అయిదుగురు, స్ప్రింట్‌లో పది పనిదినాలు. చేతిలో 50 రోజుల పని ఉందని మేనేజర్ లెక్క వేస్తాడు. ఇద్దరికి కలిపి 3 రోజులు లీవులున్నాయి, 47 అయింది. ప్లానింగ్ 4 గంటలు, పది స్టాండప్‌లు రెండున్నర గంటలు, రివ్యూ 2, రెట్రో ఒకటిన్నర, మొత్తం మనిషికి 10 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున అయిదుగురికి ఇది ఆరు రోజుల పైచిలుకు. ఇక మిగిలేది దాదాపు 41. ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సిస్టమ్‌లో, ఏదో ఒకటి పగలడం, దాన్ని అతికించడం గత మూడు స్ప్రింట్లలో సగటున 8 రోజులు తినేసింది. అది కూడా తీసేస్తే 33.

ఈ 33 రోజుల్నీ తప్పనిసరి పనులతోనే నింపేశామనుకుందాం. అంచనా ఎంత జాగ్రత్తగా వేసినా 30 శాతం అటూ ఇటూ అవడం వింతేమీ కాదు. 33 కాస్తా 43 అవుతుంది, పది రోజులు తక్కువ పడతాయి. చివరి వారంలో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

డీఎస్‌డీఎం వాళ్లు దీనికి ఒక విరుగుడు చెప్పారు. పనుల్ని నాలుగు గుంపులు చేస్తారు: లేకపోతే కుదరనివి, ఉండాల్సినవి, ఉంటే బాగుండేవి, ఈసారికి వద్దనుకున్నవి. మొదటి గుంపు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదన్నది వాళ్ల సూచన. మన లెక్కలో అది 20 రోజులు. 30 శాతం పెరిగినా 26 అవుతుంది, ఇంకా 7 రోజులు చేతిలో ఉంటాయి. తప్పనిసరివన్నీ అయిపోతాయి, ఉంటే బాగుండేవి కొన్ని జారిపోతాయి.

వినడానికి బాగానే ఉంది కానీ, దీన్ని నిజంగా పాటించే టీములు తక్కువే. ఎందుకంటే క్లయింట్‌ని అడిగితే అన్నీ తప్పనిసరే అంటాడు. "ఇది లేకపోతే రిలీజ్ ఆపేస్తారా?" అని ఒక్కో పని దగ్గరా ఆగి అడిగితేగానీ అసలువి బయటపడవు. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడితే వచ్చే ఫలితం పై పేరాల్లో ఉన్న 43.

కొలతలో కనపడని నాలుగోది

కాలం, ఖర్చు, స్కోప్ (పని పరిమాణం) అనే మూడు భుజాల త్రికోణం ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ చదివినవాళ్లందరికీ తెలుసు. టైమ్‌బాక్స్‌లో కాలం కదలదు, టీమ్ అదే కాబట్టి ఖర్చూ కదలదు, కదలాల్సింది స్కోపే. మరి స్కోప్‌ని కూడా ఎవరూ కదలనివ్వకపోతే? అప్పుడు చప్పుడు చేయకుండా నాణ్యత కదులుతుంది. టెస్టులు రాయడం మానేస్తారు, కోడ్ రివ్యూ తూతూమంత్రంగా అవుతుంది, కార్డు మాత్రం "పూర్తయింది" వైపు జరిగిపోతుంది. తర్వాతి స్ప్రింట్‌లో ఆ బగ్గులే కొత్త కార్డులై వస్తాయి. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు అన్న సామెత అప్పుడు టీమ్ మొత్తానికీ వర్తిస్తుంది.

అందుకే పూర్తవడం అంటే ఏమిటో టీమ్ ముందే రాసి పెట్టుకుంటుంది. కోడ్ రాయడం, రివ్యూ, టెస్టింగ్, బయటి సర్వర్ మీద పెట్టి చూసుకోవడం, ఇలా. ఈ జాబితా లేని టీమ్‌లో టైమ్‌బాక్స్ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ అంటాను.

నేను ఒకప్పుడు పనిచేసిన టీమ్‌లో ఒక రిపోర్ట్ మాడ్యూల్ "90 శాతం అయింది" అనే మాట మీద మూడు స్ప్రింట్లు గడిపింది. స్క్రీన్ మీద చక్కగా కనిపించేది. పీడీఎఫ్ తీస్తే మాత్రం, పేరు కాస్త పొడుగైతే చాలు వరస విరిగి, కింది అంకెలన్నీ పక్క గడిలోకి జరిగిపోయేవి. ఒక మనిషి బాకీ ఇంకో మనిషి పేరు ఎదురుగా కనిపించే రిపోర్టు అది! మేం దాన్ని 90 శాతం అన్నాం. వాడేవాడికి అది సున్నా శాతం. ఇల్లలకగానే పండగ కాదని మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో, స్టాండప్‌లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

రెండ్రోజులు పొడిగిస్తే ఏం పోయింది?

మొదట చెప్పిన శుక్రవారానికి వద్దాం. పొడిగించాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. పని ఇప్పుడు బుర్రలో తాజాగా ఉంది, ఆపి మళ్లీ మొదలుపెడితే తిరిగి అర్థం చేసుకోవడానికి సగం రోజు పోతుంది, క్యాలెండర్ కోసం మనుషులా, మనుషుల కోసం క్యాలెండరా అని అడుగుతారు.

అటువైపు వాళ్లు చెప్పేది ఇది. వెనక్కి పంపడం అంటే పనిని పారేయడం కాదు. పూర్తికాని పని మళ్లీ బ్యాక్‌లాగ్‌లోకి, అంటే చేయాల్సిన పనుల జాబితాలోకి వెళ్తుంది, సోమవారం ప్లానింగ్‌లో మిగతా పనులతో పోటీ పడుతుంది. ఇప్పటికీ అదే ముఖ్యమైతే అదే ముందు వస్తుంది, సోమవారం ఉదయమే మొదలవుతుంది. పొడిగింపుతో పోల్చితే పోయిన సమయం ప్లానింగ్ నాలుగు గంటలే. వచ్చింది మాత్రం ఒక ప్రశ్న: "ఇంకా దీని మీద ఖర్చు పెట్టడం దండగ కాదు కదా?" పొడిగించిన స్ప్రింట్‌లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇంకో నష్టం లెక్కల్లో ఉంటుంది. ఒక స్ప్రింట్ 10 రోజులు, తర్వాతది 12, ఆ తర్వాతది 14 అయితే, "స్ప్రింట్‌కి మేం సగటున ఇంత చేస్తాం" అనే మాటకి అర్థం ఉండదు. దాని మీద ఆధారపడి చెప్పే రిలీజ్ తేదీలూ గాలిలోవే. రివ్యూకి రావాల్సిన బయటి మనుషుల క్యాలెండర్లు కూడా చెడతాయి.

శని ఆదివారాలు పనిచేయాలనేవాళ్ల దగ్గర ఉన్న గట్టి మాట "ఒప్పుకున్నాం". దీనికో చిన్న చరిత్ర ఉంది. స్ప్రింట్‌కి తీసుకున్న పనిని స్క్రమ్‌లో మొదట్లో టీమ్ కమిట్‌మెంట్ అనేవారు. మాట ఇచ్చాక తప్పకూడదన్న అర్థంలో దాన్ని మేనేజర్లు పట్టుకున్నారు, టీములు ఓవర్‌టైమ్ చేశాయి, నాణ్యత పడిపోయింది. 2011లో గైడ్ ఆ మాట తీసేసి ఫోర్‌కాస్ట్ అని పెట్టింది, వాతావరణ సూచన లాంటిదన్నమాట. 2020 గైడ్‌లో కమిట్‌మెంట్ మళ్లీ వచ్చింది కానీ వేరే చోట. ఇప్పుడు టీమ్ మాట ఇచ్చేది స్ప్రింట్ లక్ష్యానికి, కార్డుల సంఖ్యకి కాదు. "కొత్త వినియోగదారుడు ఎవరి సాయమూ లేకుండా ఖాతా తెరవగలగాలి" అన్నది లక్ష్యమైతే, 11 కార్డుల్లో ఏడింటితోనే అది తీరితే, ఆ స్ప్రింట్ నెగ్గినట్టే. స్ప్రింట్ మధ్యలో స్కోప్ గురించి ప్రొడక్ట్ ఓనర్‌తో (ఏ పని ముందో తేల్చే మనిషితో) మళ్లీ మాట్లాడుకోవచ్చని గైడ్ అదే చోట చెబుతుంది. లక్ష్యానికే కాలం చెల్లితే స్ప్రింట్‌ని మధ్యలో రద్దు చేయొచ్చు కూడా, ఆ అధికారం ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరిదే.

స్పైక్: టైమ్‌బాక్స్‌ని దగ్గర్నుంచి చూస్తే

ఈ పద్ధతి బాగా అర్థమయ్యేది స్ప్రింట్‌లో కన్నా స్పైక్‌లో. ఎంత పడుతుందో చెప్పలేని పనిని, ఇంత సమయమే తవ్వి చూద్దామని పెట్టుకునే చిన్న బాక్స్‌ని స్పైక్ అంటారు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వాళ్లు వాడుకలోకి తెచ్చిన మాట.

ఉదాహరణకి, రెండు లక్షల మంది కస్టమర్ల చిరునామాలు పాత డేటాబేస్ నుంచి కొత్తదానిలోకి మార్చాలి. ఎన్ని రోజులంటే ఎవరూ చెప్పలేకపోతున్నారు. రెండు రోజుల స్పైక్ పెట్టారు, ప్రశ్న ఒక్కటే: నేరుగా వచ్చేస్తాయా, రావా? మొదటి రోజు 1,000 రికార్డులు తీసి మార్చి చూశారు. 940 బాగానే వచ్చాయి, 60 రాలేదు. రెండో రోజు ఆ అరవైనీ ఒక్కొక్కటిగా చదివారు. 41 రికార్డుల్లో రెండు లైన్ల చిరునామా ఒకే గడిలో ఇరికించి ఉంది, దాన్ని చిన్న స్క్రిప్ట్‌తో విడదీయొచ్చు. 19 రికార్డుల్లో పోస్టల్ కోడే లేదు, మనిషి కూర్చుని చూడాల్సిందే. రెండు లక్షలకు అదే లెక్కన దాదాపు 3,800 రికార్డులు మనుషులు చూడాలి.

అక్కడితో బాక్స్ మూసుకుంది. స్క్రిప్ట్ రాయలేదు, ఒక్క రికార్డూ నిజంగా మారలేదు. కానీ 3,800 అనే అంకె వచ్చింది కాబట్టి, వాటికి మనుషుల్ని పెట్టడమా, కస్టమర్లకే మెయిల్ పంపి సరిచేసుకోమనడమా అని నిర్ణయం తీసుకోవచ్చు. బాక్స్ లేకపోతే చేయి తిరిగిన డెవలపర్ మొదటి రోజు మధ్యాహ్నమే స్క్రిప్ట్ రాయడంలో పడిపోతాడు. వారం తర్వాత అందమైన స్క్రిప్ట్ ఉంటుంది, ఆ 19 సంగతి అప్పటికీ ఎవరికీ తెలియదు.

బాక్సే వద్దనేవాళ్లు, పెద్ద బాక్స్ కావాలనేవాళ్లు

టొయోటా కర్మాగారాల పద్ధతి నుంచి డేవిడ్ ఆండర్సన్ సాఫ్ట్‌వేర్‌కి తెచ్చిన కాన్‌బాన్‌లో స్ప్రింట్లు తప్పనిసరి కాదు. వాళ్లు కాలానికి బదులు ఒకేసారి చేతిలో ఉండే పనుల సంఖ్యకి హద్దు పెడతారు. చేతిలో 12 పనులుండి వారానికి 4 పూర్తవుతుంటే ఒక్కో పనికి సగటున 3 వారాలు పడుతుంది. చేతిలో ఉన్నవి 8కి తగ్గించి, అదే వేగం నిలబెట్టుకుంటే 2 వారాలు. పని తన సైజుని బట్టి నడుస్తుంది, శుక్రవారం నాలుగింటి గొడవే ఉండదు. రెండు వారాల్లో పట్టేలా పనిని ముక్కలు కోయడం కృత్రిమం అన్నది వాళ్ల విమర్శ. కొన్ని పనుల విషయంలో అది నిజమే కూడా. కాకపోతే ఆగి చూసుకునే రోజంటూ క్యాలెండర్‌లో లేకపోతే, క్రమశిక్షణ తక్కువున్న టీమ్ అసలు ఆగదు.

బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేసే 37సిగ్నల్స్ కంపెనీది ఇంకో దారి. ఆరు వారాల విడత, ఆ తర్వాత రెండు వారాల విరామం. ఒక ఆలోచన మీద ఎంత కాలం పెట్టడానికి మనసొప్పుతుంది అనేది వాళ్ల మొదటి ప్రశ్న. ఆరు వారాల్లో అవకపోతే మామూలుగా పొడిగింపు ఉండదు, ఆ పని అక్కడితో ఆగుతుంది. స్క్రమ్ కన్నా బాక్స్ పెద్దది, నియమం కఠినం.

బాక్స్ ఎంత పొడవుండాలన్నదానికి ఒక చిన్న లెక్క సాయపడుతుంది. నాలుగు వారాల స్ప్రింట్ నడుస్తుండగా వచ్చిన కొత్త కోరిక, తర్వాతి ప్లానింగ్ దాకా సగటున రెండు వారాలు ఆగాలి. వారం స్ప్రింట్ అయితే సగం వారం చాలు. మరోవైపు వారం స్ప్రింట్‌లో వారం వారం ప్లానింగ్, రివ్యూ, రెట్రో అంటూ మీటింగులే పనిని మింగుతున్నట్టు అనిపిస్తుంది. ఎక్కువ టీములు రెండు వారాల దగ్గర స్థిరపడటానికి ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

ప్రొడక్షన్ సమస్యలు చూసే టీములకి మాత్రం ఏ బాక్సూ సరిగ్గా అతకదు. సర్వర్ పడిపోయినప్పుడు స్ప్రింట్ లక్ష్యం గురించి మాట్లాడలేం. అలాంటి చోట్ల కొందరు టీమ్‌నే రెండుగా చీలుస్తారు. ఏడుగురిలో ఇద్దరు వంతులవారీగా బాక్స్ బయట ఉంటారు, వచ్చే సమస్యల్ని కాన్‌బాన్ తరహాలో వచ్చిన వరసలో చూస్తారు. వాళ్ల పేర్లు కెపాసిటీ లెక్కలో ఉండవు, లెక్క మిగతా అయిదుగురి 50 రోజులతోనే మొదలవుతుంది. స్ప్రింట్‌కి 8 రోజులే ఇలా పోయే టీమ్‌కి ఇద్దర్ని, అంటే 20 రోజుల్ని, పక్కన పెట్టడం దండగ. 18, 20 రోజులు పోతున్న టీమ్‌కి ఆ ఖర్చు ఎలాగూ ఉన్నదే, మిగతా అయిదుగురూ మాత్రం అడ్డు తగిలేవాళ్లు లేకుండా కూర్చోగలుగుతారు.